బొట్టు లేని తూటా

మా బావ ఆంజనేయప్రసాద్ ఇల్లినాయ్ రాష్ట్రాన్ని వదిలేసి ఏడాదిన్నర దాటింది. ఆ సంగతి రాష్ట్రానికి తెలిసినట్టు లేదు. ఆయన వెళ్ళిన మర్నాడు కూడా షామ్‌బర్గ్‌లో మా వీధికి చెత్తబండి ఏడింటికే వచ్చింది. ఆయన మాత్రం ఫోన్‌లో దొరికిన ప్రతివాడికీ ఆ ప్రయాణాన్ని పెద్ద పోరాటంలా చెబుతుంటాడు. నేను ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ట్రక్కులోకి సామాను మోసింది నేను. ఆ తర్వాత దసరాకి ఆయన ఇంట్లో నోరు మూసుకుని నిలబడిందీ నేనే. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పే పూచీ కూడా నాదే.

ఆయనది నరసరావుపేట. ముప్ఫై ఏళ్ళ కిందట మా అనురాధక్కని పెళ్ళి చేసుకుని షామ్‌బర్గ్ తీసుకొచ్చాడు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్ ఉద్యోగం. కోవిడ్ తర్వాత ఆ ఉద్యోగం కూడా పైజామాలోనే. ధైర్యం గురించి చెప్పాలంటే, దీపావళికి కాకరపువ్వొత్తి చేతికిస్తే ఆ చెయ్యి ఎంత దూరం చాచగలడో అంత దూరం చాచి, మొహం పక్కకి తిప్పేసుకుంటాడు. చిచ్చుబుడ్డి వెలిగిస్తున్నామంటే గరాజ్‌లోకి వెళ్ళిపోయి తలుపు సందులోంచి చూస్తాడు. ఆ మనిషికి యాభయ్యో పడిలో ఆయుధాల మీద మమకారం పుట్టుకొచ్చింది.

పుట్టించింది సిటిజన్‌షిప్. పదహారేళ్ళు గ్రీన్‌కార్డ్ క్యూలో నోరు మెదపకుండా నిలబడ్డ మనిషి, ప్రమాణం చేసి బుల్లి జెండా ఊపుకుంటూ ఇంటికొచ్చిన వారానికే ఈ దేశానికి పెద్దదిక్కు అయిపోయాడు. పొద్దున కాఫీతో యూట్యూబ్ మొదలు. టోపీ పెట్టుకుని ట్రక్కులో కూర్చుని అరిచే ఒకతని ఛానల్ చూసి, ఆ ఆవేశమంతా మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మీద దింపేవాడు. దేశం పాడైపోతోందనేవాడు. రాష్ట్రం ఎప్పుడో పాడైపోయిందనేవాడు. స్కూల్ ఫారాల్లో తల్లి, తండ్రి అని ఉండాల్సిన చోట పేరెంట్ వన్, పేరెంట్ టూ అని ఉందట. ఆయన కొడుకు నీల్ స్కూలు దాటి, కాలేజీ దాటి, సియాటిల్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ ఫారం ఈయన నింపక పదేళ్ళు.

ఇల్లినాయ్‌లో తుపాకీ కొనాలంటే ముందు ఒక కార్డు ఉండాలి. బావ దానికి అప్లై చేశాడు. పంపిన ఫోటోలో కళ్ళు మూసుకున్నాడు. ఇంకో ఫోటో పంపమని వాళ్ళు తిప్పి పంపారు. అంతే, అది ఆయన హక్కుల మీద దాడి అయిపోయింది. "రాజ్యాంగం ఇచ్చిన రైట్‌ని ఫోటో పేరు చెప్పి డినై చేశారు రా," అని మూడు నెలలు తిరిగాడు. ఆ మూడు నెలల్లో కళ్ళు తెరిచి ఇంకో ఫోటో తీయించుకోవాలని మాత్రం తోచలేదు. అంతలో రాష్ట్రంలో కొన్ని రకాల తుపాకుల అమ్మకం మీద నిషేధం వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాడు. వాటిలో మీకు కావాల్సింది ఏది బావా అని అడిగితే, ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు.

అసలు అడ్డు కార్డు కాదు, మా అక్క.

అక్క ఇంట్లోనే డే కేర్ నడిపేది. పద్నాలుగేళ్ళ పాటు, ఒకేసారి ఎనిమిది మంది పిల్లలు, లైసెన్సుతో. ముందు గది నిండా అక్షరాల మ్యాట్లు, మోకాలెత్తు కుర్చీలు, గోడకి వరసగా ఎనిమిది చెక్క కొక్కేలు. ఒక్కో కొక్కెం పైన ఒక్కో పిల్ల పేరు. నేను అక్కా అని పిలవడం విని తెల్లపిల్లలు, నల్లపిల్లలు, మన పిల్లలు అందరూ అక్కా అనే పిలిచేవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలూ అంతే. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ ఎనిమిది మందీ నేల మీద కూర్చుని ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నం తినేవాళ్ళు. నా పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు. ఆ ఇంట్లో బావ సంపాదన ఉండేది గానీ, సందడి మొత్తం అక్కది.

పిల్లల్ని చూసుకునే ఇంట్లో పిస్టల్ ఉండకూడదని ఇల్లినాయ్‌లో నిబంధన. బావకి అక్క లైసెన్సు మీద కడుపుమంట అక్కడ మొదలైంది. దానికి తోడు ఐవీ వచ్చింది. ఐవీకి ఇద్దరమ్మలు. ఎనిమిది నెలల పిల్లని ఎత్తుకుని ఇద్దరూ గుమ్మంలో నిలబడితే, బావ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "మన కల్చర్ ఏంటి, ఈ పిల్లేంటి? మనింట్లో ఎలా పెడతావ్ అనూ?" అన్నాడు.

అక్క పాలసీసా కడుగుతోంది. "మిగతా పిల్లలకన్నా ఒకమ్మ ఎక్కువే ఉంది కదండీ," అని, చేతులు తుడుచుకుని వెళ్ళి పిల్లని ఎత్తుకుంది.

ఆయన మన సంస్కృతి గురించి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళలో గుడికి వెళ్ళింది పులిహోర ఉన్న రోజుల్లోనే. సంధ్యావందనం యూట్యూబ్‌లో కూడా చూసి ఎరగడు.

చివరికి టెక్సస్ వెళ్ళిపోదామని తీర్మానించాడు. ఇర్వింగ్‌లో అంతా మనవాళ్ళేనట, వీధికో ఇండియన్ స్టోరట, గుళ్ళట, తుపాకీకి కార్డు అక్కర్లేదట, మగవాడు మగవాడిలా బతకొచ్చట. అక్క అంతా విని ఒకటే అడిగింది.

"మరి నా పిల్లలు?"

"పిల్లలదేముంది, ఎక్కడైనా పుడతారు," అన్నాడు బావ.

ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. అక్క మొహం చూశాను. ఏదైనా అంటుందనుకున్నాను. ఒక షరతు మాత్రం పెట్టింది. ఇర్వింగ్‌లో ముందు గది తనది, అక్కడ మళ్ళీ డే కేర్ తెరుస్తుంది, దానికి ఆయన అడ్డు రాకూడదు. బావ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒప్పుకున్నాడు. నేను స్క్రూడ్రైవర్ తెచ్చి ఎనిమిది కొక్కేలూ ఊడదీసి, పాతచీర ముక్కలో కట్టి అక్క చేతికిచ్చాను. ఆఖరి రోజున రెండేళ్ళ ఐవీ తన కొక్కెం ఉండే చోట గోడకున్న కన్నంలో వేలు పెట్టి, అక్కని అడిగింది అదెక్కడికి పోయిందని. అక్క బాత్‌రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. బావ ట్రక్కు దగ్గర నిలబడి పక్కింటాయనకి స్వేచ్ఛ గురించి లెక్చర్ ఇస్తున్నాడు.

ఇర్వింగ్‌లో దిగిన మూడో రోజునే పిస్టల్ కొన్నాడు. వీడియో కాల్ చేసి చూపించాడు. "ఒక్క ఆఫ్టర్‌నూన్‌లో అయిపోయింది రా దివాకర్. ఫోటో లేదు, గీటో లేదు. దిస్ ఈజ్ అమెరికా," అన్నాడు. ఆయన వెనకాల అక్క చేతికి తొడుగులు వేసుకుని గోడలు తుడుస్తోంది.

ఆ పిస్టల్‌తో ఆయన చేసిన ఘనకార్యం ఒక్కటే. షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి ఒక రౌండ్ కాల్చాడు. ఎగిరిన వేడి తూటా గుల్ల చొక్కా కాలర్‌లో పడింది. పిస్టల్ చేతిలో పెట్టుకునే గెంతులు వేస్తుంటే, ట్రైనర్ కుర్రాడు వచ్చి మణికట్టు పట్టుకుని మెల్లిగా లాక్కున్నాడు. ఇది బావ చెప్పలేదు. వెంట వెళ్ళిన ఆయన ఫ్రెండు చెప్పాడు. ఆ తర్వాత పిస్టల్‌ని తాళం పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని బెడ్‌రూం అలమారలో పెట్టాడు. అక్క పట్టుబట్టబట్టి అదైనా జరిగింది.

ఈలోగా అక్క తన పని తాను చేసుకుపోయింది. ఆన్‌లైన్ ట్రైనింగ్ గంటలు పూర్తి చేసింది, ఇద్దరి వేలిముద్రలూ ఇప్పించింది, రూల్స్ పుస్తకం ప్రింట్ తీసి పసుపు పెన్నుతో గీతలు పెట్టుకుంది. టెక్సస్‌లో డే కేర్ ఇంట్లో తుపాకీ ఉండొచ్చు, కానీ తాళంలో ఉండాలి, తూటాలు ఇంకో తాళంలో ఉండాలి. ఆ పేజీ బావకి కూడా చూపించింది. కొక్కేలు బిగించింది. ఆరుగురు తల్లులు పేర్లిచ్చారు. వాళ్ళలో వెనక వీధి ప్రణీతకి సెలవు అయిపోవస్తోంది. ఆరు నెలల ఈషాన్‌ని సోమవారం నుంచి అక్క దగ్గర వదిలి ఆఫీస్‌కి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ అమ్మాయికి ఉద్యోగం, దానితో వీసా రెండూ కష్టమే. మిగిలిందల్లా ఇన్‌స్పెక్షన్. శుక్రవారం ఒంటిగంటకి వస్తామని మెయిల్ వచ్చింది. ఆ శుక్రవారం మహర్నవమి.

దసరాకి నేను ఒక్కణ్ణే వెళ్ళాను. మా ఆవిడ నమ్రతకి సెలవు దొరకలేదు.

మా బావకి ఆయుధపూజ ఏటా ఉండేదే. షామ్‌బర్గ్‌లో లాప్‌టాప్, కారు తాళాలు, స్క్రూడ్రైవర్, ఒక ఏడాది మంచు ఊడ్చే మెషీన్ కూడా పెట్టాడు. ఈసారి పొద్దున్నే స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని వచ్చి, "నా జన్మలో ఫస్ట్ టైం నిజమైన ఆయుధానికి పూజ చేస్తున్నాను," అన్నాడు. దేవుడి మందిరం ముందు గదిలోనే ఉంది. పీట మీద ఎర్రగుడ్డ పరిచి, మధ్యలో పిస్టల్ పెట్టాడు. పక్కన తూటాలు పది వరసగా నిలబెట్టి, ఒక్కోదానికీ కుంకుమబొట్టు పెట్టాడు. పిస్టల్‌కి పసుపు రాసి, చామంతిపువ్వు పెట్టాడు. అక్షరాల మ్యాట్‌కి, ఆ పీటకి మధ్య జానెడు దూరం.

అక్క వంటింట్లోంచి గారెలపిండి చేత్తోనే వచ్చి చూసింది.

"పూజ కాగానే పెట్టెలో పెట్టేస్తారుగా?"

"పూజలో పెట్టిన ఆయుధాన్ని ఉద్వాసన చెప్పకుండా కదపకూడదు. రేపు మార్నింగ్ తీస్తాను. సాయంత్రం ఫ్రెండ్స్ వస్తున్నారు, వాళ్ళూ చూడాలి కదా."

"ఒంటిగంటకి ఇన్‌స్పెక్షన్ ఉందండీ."

"అనూ, ఇది టెక్సస్. ఆ వచ్చే ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఒకటి ఉంటుంది. మనం గన్‌కి పూజ చేస్తున్నామని తెలిస్తే మెచ్చుకుంటుంది. ఇల్లినాయ్ బుద్ధులు ఇంకా పోలేదు నీకు."

మూడుసార్లు అడిగింది. మూడోసారి ఆయన శాస్త్రం తీశాడు. అరిష్టమన్నాడు. పులిహోర శాస్త్రిగారికి అరిష్టాలు కూడా తెలుసని అప్పుడే విన్నాను. పన్నెండున్నరకి స్నేహితులకు ఫోన్ చేయడానికి ఆయన పెరట్లోకి వెళ్ళాడు. అక్క నా దగ్గరకి వచ్చింది.

"ఒరే, నువ్వు తీసి పెట్టెలో పెట్టరా. పెట్టె తెరిచే ఉంది. నాకు అది ముట్టుకోవాలంటే భయంగా ఉంది."

నేను పీట దాకా వెళ్ళాను. చెయ్యి చాచాను. నల్లగా, చామంతిపువ్వు కింద, అది నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నేను కూడా జన్మలో తుపాకీ ముట్టుకున్నవాణ్ణి కాదు. "బావ గొడవ చేస్తాడేమో అక్కా, పండగ పూట ఎందుకు," అన్నాను. బావని ఇంతసేపు వెక్కిరించాను గానీ, ఆ మాట నోట వచ్చిన క్షణంలో ఆయనకీ నాకూ తేడా ఏమీ లేదు. అక్క నావైపు ఒకసారి చూసి, మందిరంలోంచి కొత్త జాకెట్ ముక్క తీసి, పీట మొత్తం కనబడకుండా కప్పింది.

ఒంటిగంటకి ఇన్‌స్పెక్షన్ ఆవిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, జీన్స్, బూట్లు, తెల్లజుట్టు ముడి. గుమ్మంలో చెప్పులు చూసి అడగకుండానే బూట్లు విప్పింది. పొగ అలారం నొక్కి చూసింది, ప్లగ్గుల మూతలు చూసింది, మందుల అర చూసింది, వాకిలి గొళ్ళెం చూసింది. కొక్కేల మీద పేర్లు చదివి, ఈషాన్ అంటే అర్థమేంటని అడిగింది. అక్క చెప్పింది. ఆవిడ కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ పోతుంటే, అక్క మొహంలో నెలల తర్వాత వెలుగు కనబడింది. ఆవిడ పెన్ను జేబులో పెట్టుకోబోతూ, పీట వైపు చూసి, పండగా అని అడిగింది. అక్క అవునంది. అంతటితో అయిపోయేది.

బావ పెరట్లోంచి వచ్చాడు, పట్టుపంచెతో, నుదుట ఇంత బొట్టుతో. ఆవిడ దగ్గర ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మా మతంలో ఆయుధం దైవమన్నాడు. అందుకే టెక్సస్ మాకు సొంతిల్లులా ఉందన్నాడు. అని, జాకెట్ ముక్క తన చేత్తో తనే తీశాడు.

ఆవిడ మెచ్చుకోలేదు, అరవనూ లేదు. "మా ఇంట్లో ఇలాంటివి రెండున్నాయి," అంది. బావ నావైపు చూసి కళ్ళెగరేశాడు. "మావి తాళంలో ఉంటాయి," అంది ఆవిడ. తర్వాత అడిగింది, ఇది ఖాళీయేనా అని.

"హండ్రెడ్ పర్సెంట్," అన్నాడు బావ. "తూటాలన్నీ ఇక్కడే ఉన్నాయిగా."

ఒకసారి చూడొచ్చా అని అడిగి, ఆవిడ వంగి, చామంతిపువ్వుని జాగ్రత్తగా తీసి పీట మీద పెట్టింది. పిస్టల్‌ని గోడ వైపు తిప్పి, పైభాగం పట్టుకుని వెనక్కి లాగింది. లోపల్నుంచి ఒక తూటా ఎగిరి, అక్షరాల మ్యాట్ మీద పడి, చిన్నకుర్చీ కాలి దాకా దొర్లి ఆగింది. పీట మీదున్న పదింటికీ కుంకుమ ఉంది. దీనికి లేదు.

బావ పీట మీదవి వేలితో మళ్ళీ లెక్కపెట్టాడు. తూటాలన్నీ తీశాననుకున్నా, గొట్టంలోకి ముందే ఎక్కిన ఆ పదకొండోది అలమారలో, తాళం పెట్టెలో, ఆ తర్వాత చామంతిపువ్వు కింద అన్నాళ్ళూ లోపలే ఉంది. తన తుపాకీ నిండుగా ఉందో ఖాళీగా ఉందో కూడా తెలియని మనిషి, దానికోసం పద్నాలుగేళ్ళ గూడు పీకించాడు.

ఆవిడ తూటా తీసి మిగతావాటి పక్కన పెట్టి, కాగితం మళ్ళీ బయటకు తీసింది. ఈ రోజు పర్మిషన్ ఇవ్వలేనంది. మళ్ళీ అప్లై చేసుకోవచ్చని, కొన్ని నెలలు పడుతుందని, ఇదంతా ఫైల్‌లో ఉంటుందని అక్కతోనే చెప్పింది. బావ వైపు చూడలేదు. బూట్లు వేసుకుంటూ, మీ గది చాలా బాగుందమ్మా అంది.

ప్రణీతకి అక్కే ఫోన్ చేసింది. సోమవారం కుదరదని చెప్పి, ఆ అమ్మాయి పెట్టేశాక కూడా అలాగే చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని నిలబడింది. సాయంత్రం బావ స్నేహితులు వచ్చారు. అక్క అందరికీ గారెలు, పులిహోర వడ్డించింది. బావ ఇన్‌స్పెక్షన్ వ్యవస్థ గురించి, గవర్నమెంట్ జోక్యం గురించి మాట్లాడాడు. టెక్సస్‌లో కూడా ఇల్లినాయ్ మనుషులు చేరిపోయారన్నాడు. వాళ్ళు తలలాడించి, రెండోసారి పులిహోర వేయించుకున్నారు.

మర్నాడు ఉద్వాసన చెప్పి, తన ఆయుధాన్ని భద్రంగా పెట్టెలో పెట్టుకున్నాడు. అప్పటికి అక్క గోడకున్న కొక్కేలు ఊడదీస్తోంది. తనే, స్టూలెక్కి. నేను చెయ్యి చాచితే స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు.

"మధ్యాహ్నం నీ ఫ్లైట్‌లో నాకు సీటు దొరుకుతుందేమో చూడు," అంది.

షామ్‌బర్గ్‌లో మా ఇంట్లో టీవీ ఉండే గది అక్క డే కేర్ కోసం ఖాళీ చేశాను. నమ్రత ఒక్క మాట అడగకుండా సోఫా అమ్మేసింది. నేను చేసిన నిర్వాకానికి ఆ గది చాలదని నాకు తెలుసు. అక్క మళ్ళీ మొదటినుంచి అప్లై చేసింది. చలికాలం గడిచింది. ఏప్రిల్‌లో ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, ఎనిమిది మందికి లైసెన్సు ఇచ్చాడు. ఐవీ అమ్మలిద్దరూ అంతకు ముందే పేరు రాయించుకున్నారు.

బావ వారానికోసారి ఫోన్ చేసేవాడు. మొదట్లో అక్కని టెక్సస్ రమ్మనేవాడు. తర్వాత జీలకర్ర ఏ డబ్బాలో ఉందని అడిగేవాడు. లైసెన్సు వచ్చిన వారం ఇంకో రకంగా మాట్లాడాడు. ఇర్వింగ్ కూడా మారిపోతోందట. పక్కింటి తెల్లాయన ఈయన్ని చూసి, మీ జనం మరీ ఎక్కువైపోయారు అన్నాడట, మొహం మీదే. ఈయన ఇన్నాళ్ళూ ఆ తెల్లాయన పార్టీకే ఓటేశాడు. ఇల్లు అమ్మేసి షామ్‌బర్గ్ వచ్చేస్తానన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అక్క గోడకి పెన్సిల్‌తో గుర్తులు పెడుతోంది. నేను కొక్కేలు బిగిస్తున్నాను.

"ఈ ఇంట్లో పిల్లలుంటారండీ. పిస్టల్ ఉండకూడదు," అంది అక్క.

"ఆ కార్డుకి మళ్ళీ అప్లై చేస్తాలే. ఫోటో ఏ సైజు అడిగారో దివాకర్‌ని కనుక్కోమను," అన్నాడు బావ.

అంత దూరం వెళ్ళి, అన్నీ పోగొట్టి, ఆయన తిరిగొచ్చిన చోటు అది. నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు. పెన్సిల్ చెవి వెనక దోపుకుంది.

"తుపాకీ అమ్మేస్తానని అంటారనుకున్నాను," అంది.

"అది నా రైట్ అనూ. ఎంత కష్టపడి సంపాదించుకున్నాను. మరి నేనెక్కడ ఉండను?"

"ఇక్కడ కొక్కేలు ఎనిమిదేనండీ," అంది అక్క. "పేర్లు రాసేశాను."

ఫోన్ పెట్టేసి, ఐవీ కొక్కెం కొంచెం కిందకి దించమంది. దానికి అందాలి కదా అంది. నేను స్క్రూ విప్పి రెండంగుళాలు దించి మళ్ళీ బిగించాను.